ఎవరి పేరు డోరా? స్త్రీత్వం, ఉన్మాదం, మనోవిశ్లేషణ
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జెండర్, ఉన్మాదం, సంస్కృతి. నిర్వాహకులు నాకిచ్చిన శీర్షికలో ఈ మూడు మాటలున్నాయి. ఏ ఒక్కదానికైనా ఒక సాయంత్రం చాలదు. అందుకని సిద్ధాంతం జోలికి వెంటనే వెళ్ళకుండా ఒక బొమ్మతో మొదలుపెడతాను.

ఫ్రెంచి చిత్రకారుడు ఆంద్రే బ్రూయే 1887లో వేసిన వర్ణచిత్రం అది. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఒక పాఠం జరుగుతోంది. గది నిండా నల్లకోట్ల మగవాళ్ళు. వాళ్ళ ఎదుట నిలబడి వివరిస్తున్న పెద్దమనిషి జాఁ మార్తాఁ షార్కో, ఆ కాలంలో యూరప్‌లోనే పేరుమోసిన నాడీ వైద్యుడు. ఆయన పక్కన బ్లాంష్ విట్‌మన్ అనే రోగి స్పృహ తప్పి వెనక్కి వాలిపోతోంది. ఒక యువ వైద్యుడు ఆమెను పట్టుకున్నాడు. చూసేవాళ్ళ చూపులన్నీ ఆమె మీదే. ఇంతవరకూ చాలామంది గమనిస్తారు. నేను ఆగిపోయేది మరోచోట. శ్రోతల వెనుక గోడకు ఒక పెద్ద రేఖాచిత్రం తగిలించి ఉంది. అందులో ఒక స్త్రీ శరీరం విల్లులా వంగి ఉంది. దేహంలో లోపమేదీ కనిపించకుండానే మూర్ఛ, చచ్చుబడటం లాంటివి వచ్చే జబ్బును అప్పట్లో హిస్టీరియా అనేవారు. ఆ మూర్ఛలో శరీరం అలా వంగుతుందని షార్కో బోధించేవాడు. అంటే, రోగి ఏం చేస్తుందో గోడ మీద ముందే గీసి పెట్టి ఉంది. ఇక ఆమె చేయాల్సిందల్లా ఆ గీతలాగా వంగడమే.

సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ ఆసుపత్రిలో 1885 అక్టోబరు నుంచి 1886 ఫిబ్రవరి దాకా చదువుకున్నాడు. ఈ వర్ణచిత్రం అచ్చు నకలు ఒకటి ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆయన గదిలో ఉంది. రోగి చేత మాట్లాడించి, ఆ మాటల ద్వారా మనసు లోతుల్లో దాగినదాన్ని వెతికే చికిత్సకు ఆయన పెట్టిన పేరు మనోవిశ్లేషణ. దాని చరిత్రను నేను ఈ బొమ్మ చుట్టూనే అర్థం చేసుకుంటాను. రోగి నోరు తెరవక ముందే గోడకు తగిలించిన బొమ్మను తీసేసిన ప్రతిచోటా ఈ విద్య గొప్ప పని చేసింది. ఆ ఖాళీలో తన సొంత బొమ్మను తగిలించిన ప్రతిచోటా అన్యాయం చేసింది. ఆ అన్యాయం ఎక్కువగా స్త్రీల మీద, వలసపాలన కింద ఉన్నవాళ్ళ మీద, అంటే అప్పటికే ఎవరూ మాట వినని వాళ్ళ మీద పడింది.

మొదట పేరు సంగతి చూద్దాం. గ్రీకు భాషలో గర్భాశయాన్ని సూచించే మాట నుంచి హిస్టీరియా అనే పేరు వచ్చింది. జబ్బు పేరులోనే దాని కారణం, అది ఎవరికి వస్తుందన్న తీర్పు రెండూ ఉన్నాయి. పారిస్ నుంచి తిరిగి వచ్చాక, 1886లో, ఫ్రాయిడ్ వియన్నా వైద్యుల ముందు మగవాళ్ళలో హిస్టీరియా గురించి మాట్లాడాడు. అప్పుడు ఒక వృద్ధ శస్త్రవైద్యుడు లేచి, ఆ మాటకు అర్థమే గర్భాశయం కదా, మగవాడికి ఎలా వస్తుందని అడిగాడని ఫ్రాయిడ్ తరువాత రాసుకున్నాడు. రోగి ఎదురుగా ఉన్నా రోగిని చూడలేదు, నిఘంటువును చూశారు.

తెలుగులో పిచ్చి అనే మాటను మనం ఎన్ని రకాలుగా వాడతామో ఒక్కసారి ఆలోచించండి. "అతనికి పుస్తకాల పిచ్చి" అంటే మెచ్చుకోలు. "పిచ్చి తల్లీ" అంటే ముద్దు, జాలి. "ఆమెకు పిచ్చి" అన్నామంటే మాత్రం ఇక ఆమె చెప్పేది వినక్కర్లేదని అర్థం. మాట ఒకటే. ఎవరి గురించి, ఏ స్వరంలో అన్నామన్నదాన్ని బట్టి అది అభిరుచి అవుతుంది, ప్రేమ అవుతుంది, తలుపు మూసేయడం అవుతుంది. నేను మాట్లాడేది ఆ మూడో వాడకం గురించి.

1880 చివరలో వియన్నాలో యోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు ఇరవై ఒక్క ఏళ్ళ యువతికి చికిత్స మొదలుపెట్టాడు. జబ్బుపడిన తండ్రికి రాత్రిళ్ళు మేలుకొని సేవ చేసిన అమ్మాయి. ఒక రాత్రి తండ్రి మంచం పక్కన కునుకు పట్టినప్పుడు, గోడలోంచి నల్లటి పాము ఆయన వైపు వస్తున్నట్టు కనిపించింది. తోలుదామంటే కుర్చీ వెనుకకు వేలాడుతున్న కుడిచేయి తిమ్మిరెక్కి కదలలేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. చివరికి గుర్తుకొచ్చింది ఇంగ్లీషులో పిల్లల పద్యం ఒకటి. ఆ తరువాత ఆ చేయి చచ్చుబడింది. కొంతకాలం మాతృభాష జర్మన్ పూర్తిగా పోయి, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడగలిగింది. బ్రాయర్ ఆమె దగ్గర కూర్చుని వినేవాడు. ఒక లక్షణం ఎక్కడ ఎలా మొదలైందో ఆమె చెప్పగలిగినప్పుడు ఆ లక్షణం తగ్గేదని ఆయన రాశాడు. ఈ పద్ధతికి "మాటల చికిత్స" అని పేరు పెట్టింది వైద్యుడు కాదు, రోగే. ఉల్లాసంగా ఉన్న రోజున "పొగగొట్టం ఊడ్చడం" అనేది. రెండూ ఇంగ్లీషులోనే అంది.

1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన పుస్తకంలో ఆమె పేరు ఆన్నా ఓ. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. ఆ కేసు చరిత్రలో బ్రాయర్ రాసిన ఒక చిన్న మాట నాకు మొత్తం పుస్తకం కన్నా విలువైనదిగా తోస్తుంది. చురుకైన బుద్ధి ఉన్న ఈ అమ్మాయికి ఇంట్లో జీవితం మార్పులేకుండా సాగిందనీ, మెదడుకు తగిన పని దొరకలేదనీ, ఆ మిగులు శక్తి పగటికలల్లోకి పోయిందనీ ఆయన గుర్తించాడు. ఆమె బడి చదువు పదహారేళ్ళకు ముగిసింది. తమ్ముడు విశ్వవిద్యాలయంలో చేరి న్యాయశాస్త్రం చదివాడు. వియన్నా విశ్వవిద్యాలయం స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకోవడం 1897లో మొదలుపెట్టింది. బ్రాయర్ రాసిన ఆ మాటను పట్టుకుని ముందుకు వెళ్ళి ఉంటే మనోవిశ్లేషణ దారి వేరుగా ఉండేదేమో. అది ఆ పుస్తకంలో కారణాల పట్టికలో ఒకటిగా మిగిలిపోయింది.

ఇప్పుడు డోరా దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, మన్నించండి.

1900 అక్టోబరులో ఒక తండ్రి తన పద్దెనిమిదేళ్ళ కూతురిని ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకొచ్చాడు. దగ్గు, గొంతు పోవడం, దిగులు, చనిపోతానని రాసిపెట్టిన ఉత్తరం. ఆ ఇంటి కథ ఇది. తండ్రికి కుటుంబ స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడు ఈ అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు తన దుకాణంలో ఎవరూ లేని సమయం చూసి బలవంతంగా ముద్దుపెట్టుకున్నాడు. రెండేళ్ళ తరువాత సరస్సు ఒడ్డున ప్రేమ ప్రస్తావన తెచ్చాడు. ఆమె చెంపదెబ్బ కొట్టి వచ్చి ఇంట్లో చెప్పింది. అతడు కాదన్నాడు. తండ్రి అతడినే నమ్మాడు. కూతురు ఊహించుకుందన్నాడు. తండ్రి సంబంధానికి అతడు అడ్డు రాకుండా ఉండేందుకు తనను అతడికి అప్పగించారని ఆ అమ్మాయి అనుకుంది. తండ్రి ఫ్రాయిడ్‌ను కోరిందేమిటంటే, ఆమెకు బుద్ధి చెప్పమని.

ఫ్రాయిడ్ ఆమెను నమ్మాడు. ఇది మరచిపోకూడదు. ఆమె చెప్పిన సంఘటనలు జరిగాయని నమ్మిన పెద్దమనిషి ఆ కథ మొత్తంలో ఆయన ఒక్కడే. అంతవరకూ గోడ మీద బొమ్మ లేదు. కానీ ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ముద్దుకు అసహ్యించుకుని పరుగెత్తిందన్న చోట ఆయన ఏమన్నాడో చూడండి. లైంగిక ఉద్రేకం కలగాల్సిన సందర్భంలో అసహ్యం కలిగితే, ఆ వ్యక్తిని తాను నిస్సందేహంగా హిస్టీరియా రోగిగానే లెక్కిస్తానన్నాడు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. చాలాకాలం తిరిగి తెరవలేదు. ఆ వయసు పిల్లకు ఏం కలగాలో ఆయనకు ముందే తెలుసు. అది కలగలేదు కాబట్టి జబ్బు. ఆమె ఆ మనిషిని లోలోపల ప్రేమిస్తోందనీ, ఒప్పుకోవడం లేదనీ పదేపదే చెప్పాడు. కాదంటే, కాదనడమే సాక్ష్యమన్నాడు.

ఆమె 1900 డిసెంబరు 31న, పదకొండు వారాల తరువాత, ఇక రానని చెప్పి వెళ్ళిపోయింది. కొన్ని నెలలకు ఆ స్నేహితుడి కుటుంబాన్ని కలిసి, తన తండ్రితో ఉన్న సంబంధం తనకు తెలుసని ఆ భార్య ముఖం మీదే చెప్పింది, సరస్సు దగ్గర జరిగింది నిజమని ఆ మనిషి చేత ఒప్పించింది. తనకు కావాల్సిన చికిత్సను ఆమె తానే చేసుకుందని నేనంటే అది నా అభిప్రాయం మాత్రమే. కానీ ఈ సంగతులు మనకు తెలిసింది ఫ్రాయిడ్ రాయడం వల్లే. 1905లో ఆ కేసును ప్రచురించినప్పుడు తన ఓటమిని దాచలేదు. ఆ అమ్మాయిలో అన్నిటికన్నా బలమైన అంతఃప్రవాహం ఆ స్నేహితుడి భార్య మీద ప్రేమేనని, దాన్ని తాను సకాలంలో గుర్తించలేకపోయానని చివర్లో ఒక అడుగు గమనికలో రాశాడు. స్త్రీ మనసు పురుషుడి చుట్టూ తిరుగుతుందన్న బొమ్మ ఆయన కళ్ళకు అడ్డుపడిందని ఆ గమనిక చదివితే అర్థమవుతుంది. ఇంత నిజాయితీగా తన తప్పును అచ్చువేసిన వైద్యులు ఎక్కువమంది లేరు. ఆ నిజాయితీ కోసమే ఆ పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను.

డోరా అనే పేరు ఎక్కడిదో కూడా ఆయనే చెప్పాడు. ఆయన చెల్లెలి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిమనిషి ఉండేది. ఆమె అసలు పేరు రోజా. చెల్లెలి పేరు కూడా రోజానే. యజమానురాలి పేరుతో పనిమనిషి ఉండకూడదు కాబట్టి ఆ ఇంట్లో ఆమెను డోరా అని పిలిచేవారు. పాపం, పేదవాళ్ళు సొంత పేరు కూడా నిలుపుకోలేరు కదా అని ఫ్రాయిడ్ అనుకున్నాడట. సొంత పేరు వాడుకోవడానికి వీల్లేని ఒక యువతికి మారుపేరు వెతుకుతున్నప్పుడు ఆయన మనసుకు తట్టింది ఆ పేరే. ఇంట్లో ఎవరి మాటకు బరువుందో, ఎవరి మాటకు లేదో ఆయన అచేతనానికి, అంటే తనకు తెలియకుండా పనిచేసే మనసుకు, బాగానే తెలుసు. ఆయన సిద్ధాంతానికే తెలియలేదు.

ఇక్కడ తెలుగు మనకొక మేలు చేసింది. కోరికను మనసు లోపలికి తోసేయడాన్ని మనోవిశ్లేషణ పుస్తకాల్లో అణచివేత అంటాం. బలవంతుడు బలహీనుడిని నోరెత్తనివ్వకపోవడాన్నీ అణచివేత అనే అంటాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి, రెండు శాస్త్రాలున్నాయి, రెండు గోష్ఠులున్నాయి. మన భాషలో ఒకటే మాట. నాకు ఇది యాదృచ్ఛికంగా అనిపించినా, ఉపయోగకరంగా అనిపిస్తుంది. చెప్పింది ఇంట్లో ఎవరూ విననప్పుడు, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయినప్పుడు, డోరాకు పోయింది గొంతే.

ఇది స్త్రీలకే పరిమితమైన సంగతి కాదని ప్రపంచానికి తెలియడానికి ఒక యుద్ధం కావాల్సి వచ్చింది. 1914 తరువాత కందకాల నుంచి వేలకొద్దీ సైనికులు మూగబోయి, చూపు పోయి, కాళ్ళు చచ్చుబడి తిరిగి వచ్చారు. శరీరంలో గాయం లేదు. పాతికేళ్ళ కిందట స్త్రీలలో చూసిన లక్షణాలే ఇవన్నీ. కాని మగవాడిని, అందులోనూ సైనికుడిని, గర్భాశయం పేరున్న జబ్బుతో ఎలా పిలుస్తారు? "షెల్ షాక్" అన్న పేరు వచ్చింది. పేలుడు ధాటికి మెదడు అదిరిందన్న అర్థం అందులో ఉంది, పరువుకు లోటు లేదు. పేలుడు దరిదాపుల్లో లేని వాళ్ళకు కూడా ఇదే వచ్చిందని తేలాక ఆ వివరణ నిలవలేదు.

ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో సైనికాధికారులకు చికిత్స చేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ మానవశాస్త్రవేత్త కూడా. మన నీలగిరుల్లోని తోడా గిరిజనుల మధ్య పనిచేసి 1906లో వారి మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఇంకొకరి జీవితాన్ని వారి మాటల్లో వినడం ఆయనకు అప్పటికే అలవాటు. యుద్ధంలో చూసినదాన్ని మరచిపొమ్మని ఇంటివాళ్ళూ వైద్యులూ చెప్పే సలహాయే ఈ రోగులకు హాని చేస్తోందని ఆయన వాదించాడు. భయం ఉండటం జబ్బు కాదు. భయం లేనట్టు పగలంతా నటించాల్సి రావడం వల్ల అది రాత్రి కలల్లో తిరగబడుతోందన్నాడు. మగవాడు ఏడవకూడదన్న నియమం ఎంత ఖరీదైనదో వైద్య పత్రికల్లో అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. పెంపకంలో నోరు మూయించింది ఒకరిని ఒక రకంగా, ఇంకొకరిని ఇంకో రకంగా. శరీరం మాట్లాడిన భాష మాత్రం ఒకటే.

మనోవిశ్లేషణలోకి స్త్రీలు విశ్లేషకులుగా వచ్చాక గోడ మీది బొమ్మను గట్టిగా ప్రశ్నించిన వారిలో ముందు చెప్పుకోవాల్సింది కరెన్ హోర్నై గురించి. బాలిక తనకు పురుషాంగం లేదని గ్రహించి, ఆ లోటు చుట్టూనే స్త్రీగా ఎదుగుతుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం. 1926 నాటి వ్యాసంలో హోర్నై రెండు నిలువు వరుసలు గీసింది. ఒక వరుసలో, చిన్న మగపిల్లవాడు ఆడపిల్లల గురించి ఏమనుకుంటాడో రాసింది. రెండో వరుసలో, స్త్రీ ఎదుగుదల గురించి విశ్లేషకులు ఏమంటున్నారో రాసింది. రెండు వరుసలూ దాదాపు ఒకటే. ఇంతకన్నా తేటగా ఒక శాస్త్రాన్ని నిలదీయడం నేను ఎక్కడా చూడలేదు. తల్లి కావడం మీద, బిడ్డను కనడం మీద మగవాళ్ళకు ఉండే అసూయ మాటేమిటని కూడా ఆమె అడిగింది. తన దగ్గరికి వచ్చిన మగ రోగులలో అది ఎంత తీవ్రంగా ఉందో చూసి ఆశ్చర్యపోయానంది. అదే ఏడాది ఫ్రాయిడ్, వయోజన స్త్రీ లైంగిక జీవితం మనస్తత్వశాస్త్రానికి "చీకటి ఖండం" అని రాశాడు. ఆ రెండు మాటలనూ జర్మన్ వాక్యం మధ్యలో ఇంగ్లీషులోనే ఉంచాడు. ఆఫ్రికాను ఆక్రమిస్తున్నవారు ఆఫ్రికాకు పెట్టిన పేరు అది. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బ్రిటిష్ మనోవిశ్లేషకురాలు జోన్ రివియేర్ 1929లో రాసిన వ్యాసం గురించి మాట్లాడేటప్పుడు, వేదిక మీద నిలబడ్డ స్త్రీగా నాకు ఎప్పుడూ ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె రోగి ఒక సమర్థురాలైన వక్త, రచయిత్రి. సభలో అద్భుతంగా మాట్లాడేది. ఆ రాత్రి మాత్రం ఏదో తప్పు చేశానన్న భయం పట్టుకునేది. సభ ముగియగానే తండ్రి వయసున్న పురుషుల దగ్గరికి వెళ్ళి, వారి మెప్పు కోసం, వారి చూపు తన మీద పడటం కోసం ఆరాటపడేది. మేధను దొంగిలించిన దానిలా, తన దగ్గర ఏమీ లేదని చూపించుకోవడానికి స్త్రీత్వాన్ని ముసుగులా వేసుకునేదని రివియేర్ వివరించింది. మరి ముసుగుకూ అసలు స్త్రీత్వానికీ తేడా ఎక్కడ అని ఎవరైనా అడగవచ్చు. అలాంటి తేడా ఏదీ లేదు, రెండూ ఒకటే అంది. 1929లో! జెండర్ అనేది పుట్టుకతో వచ్చిన సారం కాదు, రోజూ కట్టుకునే వేషమన్న ఆలోచనకు మూలం వెతుకుతూ తరువాతి తరాల వాళ్ళు ఈ వ్యాసం దగ్గరికే వచ్చారు.

ఇప్పుడు ఒక న్యాయమూర్తి కథ. డానియెల్ పౌల్ ష్రేబర్ 1893లో డ్రెస్డెన్ ఉన్నత న్యాయస్థానంలో పెద్ద పదవికి ఎదిగాడు. అంతకుముందు ఒక ఉదయం, నిద్రకూ మెలకువకూ మధ్య, స్త్రీగా సంభోగంలో ఉండటం నిజంగా హాయిగా ఉంటుందేమో అన్న ఊహ ఆయనకు వచ్చింది. మెలకువలో అయితే ఆ ఊహను అసహ్యంతో తోసేసేవాడినని ఆయనే రాశాడు. పదవిలో చేరిన కొద్ది వారాలకే మతి చెదిరింది. దేవుడి కిరణాలు తన దేహాన్ని స్త్రీ దేహంగా మారుస్తున్నాయనీ, తన కడుపున కొత్త మానవజాతి పుడుతుందనీ నమ్మాడు. అద్దం ముందు రిబ్బన్లు, హారాలు అలంకరించుకుని నిలబడేవాడు. 1902లో తన కేసు తానే వాదించుకుని, ఆ నమ్మకాలను ఏమాత్రం వదులుకోకుండానే, స్వేచ్ఛను తిరిగి సంపాదించాడు. 1903లో ఆత్మకథ అచ్చువేశాడు. ఫ్రాయిడ్ ఆయనను ఎన్నడూ కలవలేదు, ఆ పుస్తకం చదివి 1911లో విశ్లేషణ రాశాడు. పురుషుడి మీద కోరికను, స్త్రీ స్థానంలో ఉండాలన్న కోరికను భరించలేక మనసు దాన్ని ద్వేషంగా, వేధింపుగా తిప్పి చూపిందని, ఈ ఉన్మాదం మూలం అదేనని తేల్చాడు. మతిభ్రమను కూడా ఫ్రాయిడ్ శిథిలంగా చూడలేదు. కూలిన ప్రపంచాన్ని రోగి మళ్ళీ కట్టుకునే ప్రయత్నమన్నాడు. అది గొప్ప మాట.

ఈ కథకు జవాబు కలకత్తా నుంచి వచ్చింది. జవాబని దాన్ని ఎవరూ అనలేదు, నాకు మాత్రం అలాగే వినిపిస్తుంది. గిరీంద్రశేఖర్ బోస్ వైద్యుడు, 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించినవాడు. ఫ్రాయిడ్‌కు ఆయన ఉత్తరాలు రాశాడు కానీ ఎన్నడూ కలవలేదు. ప్రతి కోరిక పక్కనే దానికి ఎదురు కోరిక ఉంటుందన్నది బోస్ సిద్ధాంతం. కొట్టాలన్న కోరిక పక్కన దెబ్బ తినాలన్న కోరిక, మగవాడుగా ఉండాలన్న కోరిక పక్కన స్త్రీగా ఉండాలన్న కోరిక. 1929లో ఫ్రాయిడ్‌కు రాస్తూ, పురుషాంగం పోతుందన్న భయం తన భారతీయ రోగులలో యూరప్ రోగులలో ఉన్నంత ప్రస్ఫుటంగా లేదన్నాడు. స్త్రీగా ఉండాలన్న కోరికను మాత్రం భారతీయ పురుషులలో యూరప్ వాళ్ళకన్నా తేలికగా వెలికి తీయవచ్చన్నాడు. ఆ తేడా తనను ఆకట్టుకుందనీ, ఎదురు కోరికల సంగతి మనసులో ఉంచుకుంటాననీ ఫ్రాయిడ్ బదులు రాశాడు.

ఆలోచించండి. డ్రెస్డెన్‌లో ఒక న్యాయమూర్తి ఏ కోరికను చెప్పడానికి లోకం మొత్తాన్ని కూల్చుకుని మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చిందో, అదే కోరిక కలకత్తాలో చికిత్స గదిలో మామూలు మాటల్లో బయటపడింది. ఒకచోట ఉన్మాదం నోటితో మాత్రమే పలకగలిగింది ఇంకొకచోట మామూలు మాట. అయితే కోరిక జబ్బా, దాన్ని చెప్పనివ్వని చోటు జబ్బా? దీని వల్ల మన దేశంలో స్త్రీల పరిస్థితి మెరుగ్గా ఉందని ఎవరూ అనుకోవద్దు. బోస్ ఆ వాక్యంలో మాట్లాడింది పురుషుల గురించే. మగవాడు ఊహలో స్త్రీ కావడానికీ, స్త్రీ మాట చెల్లడానికీ సంబంధం లేదు.

అదే కాలంలో ఇదే విద్యను మన దేశంలోనే మరోలా వాడినవాళ్ళున్నారు. రాంచీలో యూరోపియన్ల మానసిక చికిత్సాలయాన్ని నడిపిన ఓవెన్ బర్క్‌లీ హిల్, సైన్యాధికారి క్లాడ్ డేలీ ఇద్దరూ మనోవిశ్లేషకులే. హిందువుల స్వభావంలో శైశవదశ లోపాలను ఒకరు, విప్లవకారుల తిరుగుబాటులో మనోవ్యాధిని మరొకరు కనిపెట్టారు. స్వాతంత్ర్యం కావాలన్న మాటను వాళ్ళు ఒక లక్షణంగా మార్చేశారు. కాదన్న డోరాతో జరిగింది ఇదే కదా. కాదనడమే సాక్ష్యం.

ఫ్రెంచి వలస మార్టినిక్‌లో పుట్టిన నల్లజాతి మనోవైద్యుడు ఫ్రాంజ్ ఫానన్ ఈ విషయంలో నాకు చాలా దగ్గరివాడు, ఎందుకంటే ఆయన కూడా ముందు తప్పు చేశాడు. 1953లో అల్జీరియాలోని బ్లిదా మానసిక ఆసుపత్రిలో చేరాడు. సభలు, సంగీతం, గోడపత్రిక, చేతిపనులు, ఇలాంటి సామూహిక చికిత్సను యూరోపియన్ స్త్రీల వార్డులో ప్రవేశపెడితే మంచి ఫలితం వచ్చింది. ముస్లిం పురుషుల వార్డులో అదే చేస్తే ఎవరూ కదలలేదు. రోగులే అంత అని సరిపెట్టుకోవడం చాలా సులువు, అల్జీరియా వలస వైద్యం ఆ మాటే అంటూ వచ్చింది. ఫానన్ 1954లో తన సహచరుడు జాక్ అజులేతో కలిసి, తప్పు తమదేనని వ్యాసం రాశాడు. వాళ్ళ సమాజం ఎలా నడుస్తుందో తెలుసుకోకుండా తమ నమూనాను రుద్దామన్నాడు. ఆ తరువాత వార్డులో వాళ్ళ పద్ధతిలో కాఫీ తాగి కబుర్లాడుకునే చోటు పెట్టారు, వాళ్ళ పండుగలు జరిపారు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు. మనుషులు కదిలారు. గోడ మీది బొమ్మను తన చేత్తో తానే తీసేయడం అంటే నేను చెప్పేది ఇదే.

అంతటి ఫానన్ 1952 నాటి పుస్తకంలో తెల్ల స్త్రీ మనసు గురించి పేజీలకు పేజీలు రాశాడు. నల్లజాతి స్త్రీ సంగతేమిటంటే, ఆమె గురించి తనకేమీ తెలియదన్నాడు. చీకటి ఖండం గుర్తుందా? ఆ ఖండం బాధ తెలిసిన మనిషి కూడా అదే గీత దగ్గర ఆగాడు.

నా ప్రసంగం ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోతల నుంచి ఒక ప్రశ్న: ఇప్పుడు మందులున్నాయి, రోగనిర్ధారణకు ప్రామాణిక గ్రంథాలున్నాయి. ఈ పాత కథలు ఎందుకు?)

మందులకు నేను వ్యతిరేకిని కాను. తీవ్రమైన మానసిక వ్యాధిలో మందు ప్రాణం నిలుపుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు రోగులను ఎరగరు. కానీ ఆ ప్రామాణిక గ్రంథాల్లో కూడా సంస్కృతి ఉంది. అమెరికన్ మనోవైద్య సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి 1973లో తీసేసింది. మరుసటి ఏడాది సభ్యుల ఓటుకు పెడితే దాదాపు 58 శాతం మంది సమర్థించారు. ఒక జబ్బు ఉండాలా పోవాలా అన్నది ఓట్లతో తేలింది. హిస్టీరియా పేరును ఆ సంఘం రోగనిర్ధారణ గ్రంథం 1980 నాటి సంచికలో తొలగించారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల అనుభవాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటకు తీసింది. ఆ మార్పు 2022లో అమల్లోకి వచ్చింది. ఫ్రాయిడ్ 1935లోనే, కొడుకు గురించి బాధపడుతూ రాసిన ఒక అమెరికన్ తల్లికి, స్వలింగ ప్రేమ సిగ్గుపడాల్సిన విషయం కాదనీ, దాన్ని జబ్బుగా లెక్కించలేమనీ బదులిచ్చాడు. ఆయన అనుచరుల్లో చాలామంది ఆ ఉత్తరాన్ని పక్కనపెట్టి, దశాబ్దాల తరబడి దాన్ని నయం చేస్తామంటూ కూర్చున్నారు.

(మరో ప్రశ్న: ఆన్నా ఓ తరువాత ఏమైంది?)

ఈ ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. బ్రాయర్ చికిత్స 1882లో ముగిసింది. ఆమె కోలుకుందని పుస్తకం చెప్పింది, కానీ అప్పటికి పూర్తిగా కోలుకోలేదు. ఆ తరువాత మళ్ళీ మళ్ళీ చికిత్సాలయాల్లో ఉండాల్సి వచ్చింది, మార్ఫిన్ మీద ఆధారపడింది. దానిలోంచి ఎలా బయటపడిందో ఏ కేసు చరిత్రలోనూ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అనాథ బాలికల ఆశ్రమంలో పనికి చేరింది. స్త్రీల హక్కుల మీద మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన గ్రంథాన్ని 1899లో జర్మన్‌లోకి అనువదించింది. అమ్మాయిల అక్రమ రవాణా మీద పోరాడింది. 1904లో జర్మనీ యూదు స్త్రీల సమాఖ్యను స్థాపించింది. పెళ్ళికాని తల్లులకూ, ఆపదలో ఉన్న అమ్మాయిలకూ 1907లో నోయ్ ఇజెన్‌బుర్గ్‌లో ఒక ఇల్లు తెరిచింది. తనకు జరిగిన చికిత్స గురించి ఎన్నడూ మాట్లాడలేదు. ఆ ఇంట్లోని ఏ అమ్మాయికీ మనోవిశ్లేషణ చేయించడానికి ఒప్పుకోలేదని ఆమెను ఎరిగినవాళ్ళు చెప్పారు.

1936లో చనిపోయింది. ఆన్నా ఓ అంటే ఆమేనని 1953లో, ఫ్రాయిడ్ జీవితచరిత్రలో, ఎర్నెస్ట్ జోన్స్ బయటపెట్టాడు. అందుకు ఎవరి అనుమతీ లేదు. మరుసటి ఏడాది పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది. మానవాళికి సేవ చేసినవారి వరుసలో వేసిన బిళ్ళ అది. దాని మీద ఆన్నా ఓ అని లేదు. బెర్తా పాపెన్‌హైమ్ అని ఉంది.